ఊరి వెలుపల విడిది

ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరంలో చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరి, మరుసటి సంవత్సరం తిరిగివచ్చినాడు. ఆ ప్రయాణంలో ఆయన వ్రాసికొన్న దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అను పేరుతో అచ్చయినది. ఆ గ్రంథం చదివిన వారికి ఒక విషయం తోచక మానదు. క్షేత్ర మాహాత్మ్యాన్ని ఎంత శ్రద్ధతో వ్రాసినాడో, దిగిన ఊరిలో నీటివసతి ఎట్టిది, సరకులు దొరకునా దొరకవా, దారి ఎట్టిది, పరివారం తలదాచుకొనుటకు చోటు కలదా అన్న సంగతులను కూడా అంత శ్రద్ధతోనే వ్రాసినాడు. మజిలీ కుదరనిదే యాత్ర సాగదని ఆయన ఎరుగును.

నేడు యాత్ర దిశ మారినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలల నుండి ఉపాధ్యాయులు విద్యార్థులను వెంటబెట్టుకొని చెన్నపట్టణం చూడబోవుచున్నారు. 1996లో ఆ నగరానికి చెన్నై అను పేరు అధికారికంగా స్థిరపడినను, తెలుగువారి నోట చెన్నపట్టణం అన్న మాట ఇంకను చెరగలేదు. చూడవలసిన స్థలాల పట్టిక నెల దినాలు ముందుగానే సిద్ధమగును. తల్లిదండ్రుల వద్ద సొమ్ము పోగుచేయుట, రైలు టిక్కెట్లు తీయుట, ప్రధానోపాధ్యాయుని అనుమతి పొందుట అన్నియు క్రమంగా జరుగును. బస మాత్రం చివరి సాయంకాలం, ఎవరో చెప్పిన మాటను బట్టియో, అద్దె తక్కువ అన్న కారణం చేతనో నిర్ణయమగును. తరువాత మూడు దినాల పాటు ఆ ఒక్క నిర్ణయమే తక్కిన అన్నిటిని శాసించును.

ఏ వేళకు లేవవలెను, ఏ వేళకు నగరం చేరగలరు, ఎంత సొమ్ము దారిలో పోవును, రాత్రి పిల్లలు ఎంత అలసి పడుకొందురు అన్నవన్నియు బసను బట్టియే తేలును. కనుక బస ఎంపిక చిల్లర పని కాదు. అది యాత్రకు పునాది వంటిది.

తెలుగువారికి అక్కడ ఏమున్నది?

తెలుగు పిల్లలకు చెన్నపట్టణం పరాయి నగరమని చెప్పుటకు వీలులేదు. 1639లో ఆంగ్లేయ వర్తకులకు అక్కడ కోట కట్టుకొనుటకు అనుమతి ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్టణమను పేరు వచ్చినదని చెప్పుదురు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడినది ఆ నగరం నుండియే. 1908లో బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మారినది చెన్నపట్టణంలోనే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడువరకు, కోస్తా రాయలసీమల తెలుగువారికి రాజధాని అదియే.

ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో స్థాపితమైనది. అమరావతి స్తూపం నుండి తెచ్చిన సున్నపురాతి శిల్పాలు అక్కడ ఉన్నవి. ఆ స్తూపశిలలలో కొన్ని లండనుకు పోయినవి. కొన్ని ఇచ్చట నిలిచినవి. గుంటూరు సీమ నుండి వచ్చిన పిల్లవాడు తన ఊరి దాపున పుట్టిన ఆ శిల్పాలను మూడువందల మైళ్ళ దూరాన చూడవలసి వచ్చుట విచిత్రమే. అట్లు చూచునప్పుడు అతనికి ఒక గంట తీరిక ఉండవలెను. దారిలో రెండు గంటలు పోగొట్టుకొని, కాళ్ళు నొప్పులు పుట్టి, ద్వారం మూయు వేళకు లోనికి పరుగెత్తిన వానికి ఆ రాళ్ళు రాళ్ళుగానే కనిపించును. బస గూర్చిన చర్చకు ఇంత ప్రాధాన్యం ఇచ్చుట ఇందుకొరకే.

మైళ్ళ లెక్క వేరు, మార్పుల లెక్క వేరు

నగరం నడిబొడ్డున, సెంట్రల్ స్టేషను చుట్టుప్రక్కల, ఎగ్మూరులో లాడ్జీలు అనేకం ఉన్నవి. ఒకరిద్దరు ప్రయాణికులకు అవి అనుకూలమే. ఒక తరగతి పిల్లలందరికి ఒకే చోట, ఒకే అంతస్తులో గదులు దొరకుట మాత్రం కష్టం. దొరికినను అద్దె అధికం, గది ఇరుకు, వీధిలో రణగొణ ధ్వని రాత్రి పొద్దుపోవువరకు తగ్గదు. అందుచేత శివారు ప్రాంతంలో బస చేసి, ప్రతిదినం నగరంలోనికి పోయివచ్చుట మేలని పలువురు తలంతురు. ఆ తలంపు సరియైనదే. అయితే శివారు అన్నంత మాత్రాన సరిపోదు. ఏ శివారు అన్నదే ప్రశ్న.

ఇక్కడ సాధారణంగా జరుగు పొరపాటు దూరాన్ని మైళ్ళతో కొలుచుట. పటం మీద వ్రేలు పెట్టి చూచినచో ఎనిమిది కిలోమీటర్ల దూరమున్న లాడ్జి దగ్గర, ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున్న లాడ్జి దూరం. కాని మొదటిదాని నుండి ఒక ఆటో, ఒక బస్సు, మరియొక బస్సు ఎక్కవలసి ఉండి, రెండవదాని నుండి ఒక్క రైలుబండి చాలునన్నచో, నిజానికి రెండవదే దగ్గర. బండి మారుటకు ఒక్క మనిషికి ఐదు నిమిషాలు పట్టినచో, ముప్పది మంది పిల్లలతో ఇరువది నిమిషాలు పట్టును. తలలు లెక్కపెట్టవలెను, వెనుకబడిన వానిని పిలువవలెను, నీళ్ళ సీసా మరచిన వానిని మందలింపవలెను. ఉపాధ్యాయులకు ఇది చెప్పనక్కరలేదు.

కనుక ఇట్టి యాత్రకు దూరాన్ని మార్పులతో కొలువవలెను. ఒక్క బండితో పోగలిగిన చోటు దగ్గర. రెండు బండ్లతో పోవలసినది మధ్యమం. మూడు బండ్లు కావలసినది దూరం.

రెండు లాడ్జీల లెక్క

ఒక లెక్క వేసి చూచినచో విషయం స్పష్టమగును. ఇరువది నలుగురు విద్యార్థులు, ముగ్గురు ఉపాధ్యాయులు, మొత్తం ఇరువది యేడుగురు మూడు దినాల యాత్రకు వచ్చినారనుకొందురు గాక. గదికి ముగ్గురు చొప్పున 9 గదులు కావలెను. స్టేషను ఎదుటనే ఒక లాడ్జి ఉన్నది. స్టేషనుకు మూడు కిలోమీటర్ల దూరాన మరియొకటి ఉన్నది. దాని అద్దె గదికి దినానికి 200 రూపాయలు తక్కువ. మూడు రాత్రులకు 9 గదుల మీద మిగులు 5,400 రూపాయలు. చూచుటకు పెద్ద మొత్తమే. పొదుపరియైన ఉపాధ్యాయుడు రెండవదానినే ఎన్నుకొనును.

ఇక రెండవ లెక్క. ఆటోకు ముగ్గురు చొప్పున 9 ఆటోలు కావలెను. ఉదయం 9, సాయంకాలం 9, దినానికి 18. మూడు దినాలకు 54. ఒక్కొక్క ఆటోకు 100 రూపాయలు అనుకొన్నచో మొత్తం 5,400 రూపాయలు. మిగిలినదంతయు చక్రాల క్రిందనే పోయినది. పైగా 9 ఆటోలు పిలుచుటకు, బేరమాడుటకు, అన్నియు చేరువరకు వేచియుండుటకు పూటకు అరగంట. దినానికి ఒక గంట, మూడు దినాలకు మూడు గంటలు. అమరావతి శిల్పాల ఎదుట ప్రశాంతంగా నిలువవలసిన గంటలు అవియే.

ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి మాత్రమే. అద్దెలు, ఆటో చార్జీలు ఊరికి ఊరికి, నెలకు నెలకు మారును. లెక్క వేయు పద్ధతి మాత్రం మారదు. గది అద్దెకు దినపు రాకపోకల ఖర్చు కలుపవలెను. ఆ మొత్తానికి పోవు కాలాన్ని కూడ జోడించి చూడవలెను. అప్పుడు గాని ఏది చౌకయో తెలియదు. లెక్కల ఉపాధ్యాయుడు ఈ అభ్యాసాన్ని ప్రయాణానికి ముందు పిల్లల చేతనే చేయించినచో, వారికి బస మీద గౌరవం కలుగును. లెక్కల మీద కూడ కలుగును.

తాంబరం దారి

చెన్నపట్టణ శివారు బసను గూర్చి ఆలోచించువారు ముందుగా తెలిసికొనవలసినది బీచ్ స్టేషను నుండి తాంబరం వరకు పోవు ఎలక్ట్రిక్ రైలు మార్గం. 1931లో ఈ మార్గంలో విద్యుత్తుతో బండ్లు నడుచుట ఆరంభమైనది. ఆనాటిది మీటరు గేజి. 2004లో ఆ చిన్న బండ్లు పూర్తిగా సెలవు తీసికొని, దారి అంతయు బ్రాడ్‌గేజిగా మారినది. సుమారు 29 కిలోమీటర్ల ఈ దారిలో రెండు కొసలతో కలిపి 18 స్టేషన్లు ఉన్నవి. ప్రయాణం గంటకు కొంచెం తక్కువ. టిక్కెట్టు వెల ఒక కప్పు కాఫీ వెలను మించదు. తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి సమీపించువరకు బండ్లు నడుచుచుండును.

ఈ ఒక్క దారి మీదనే చూడవలసినవి ఎన్నియో పూసగ్రుచ్చినట్లు ఉన్నవి. కోట స్టేషను వద్ద సెయింట్ జార్జి కోట, పార్కు స్టేషనుకు ఎదురుగా సెంట్రల్, ఎగ్మూరులో మ్యూజియం, దాని ఆవరణలోనే 1896లో తెరువబడిన కన్నెమరా గ్రంథాలయం, మాంబళంలో త్యాగరాయనగరం, అక్కడ పానగల్లు రాజా పేరు మీద వెలసిన పార్కు, గిండీలో పిల్లల పార్కు, పాముల పార్కు, సెయింట్ థామస్ మౌంటులో చరిత్ర ప్రసిద్ధమైన కొండ, త్రిశూలంలో విమానాశ్రయం, తాంబరం దాటి రెండవ స్టేషను వండలూరులో 1985లో ప్రారంభమైన జంతుప్రదర్శనశాల. ఈ దారిని ఆనుకొని ఎక్కడ దిగినను సగం యాత్ర ఒక్క బండితో సాగిపోవును.

విజయవాడ వైపు నుండి వచ్చువారు సెంట్రల్‌లో దిగి, వీధి దాటి పార్కు స్టేషను చేరినచో ఈ దారి అందును. హైదరాబాదు నుండి బయలుదేరు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరం వరకే పోవుచున్నది. తాంబరంలో బస కుదుర్చుకొన్న వారికి పెట్టెలు మోసికొని నగరంలో బండి మారవలసిన అవసరమే ఉండదు. అయినను బండ్ల వేళలు, అవి చేరు స్టేషన్లు మారుచుండును గనుక టిక్కెట్టు తీయునపుడు విచారించుట మంచిది.

ఒంటరి ప్రయాణికుడు, ఒక తరగతి

అయితే ఈ 18 స్టేషన్లలో ఎక్కడ దిగవలెను? ఇక్కడ పలువురు చెప్పు సలహా సెయింట్ థామస్ మౌంటు, లేదా గిండీ. కారణం లేకపోలేదు. 2015లో మొదలైన మెట్రో రైలు ఈ రెండు చోట్లను శివారు రైలును కలియుచున్నది. ఒక దారిలో ఆటంకం వచ్చినను రెండవది ఉన్నది. మెట్రో బండ్లు చల్లగా, శుభ్రంగా ఉండును; సెంట్రల్‌కు, ఎగ్మూరుకు నేరుగా పోవును. ఒంటరి ప్రయాణికునకు, చిన్న కుటుంబానికి, గ్రంథాలయాలలో పనికై వచ్చు పరిశోధక విద్యార్థికి ఇంతకన్న మంచి చోటు లేదు.

మౌంటులో దిగినవారు ఒక ఉదయం కొండ ఎక్కి రావచ్చును. క్రీస్తు శిష్యుడైన థామస్ అక్కడ అసువులు బాసినాడని క్రైస్తవుల విశ్వాసం. భారతదేశాన్ని త్రికోణాలుగా విభజించి కొలిచిన మహాసర్వేకు 1802లో లాంబ్టన్ మొదటి ఆధారరేఖను కొలిచినది ఆ కొండ సమీపంలోనే. భూగోళ పాఠం చెప్పు ఉపాధ్యాయునకు అది ఉత్తమమైన తరగతి గది.

కాని ఒక తరగతి పిల్లలతో వచ్చిన ఉపాధ్యాయునకు లెక్క వేరు. మధ్య స్టేషన్లలో బండి నిమిషం కూడ నిలువదు. ఉదయం ఎనిమిది మొదలు పది వరకు నగరంలోనికి పోవు ఉద్యోగులతో బండి క్రిక్కిరిసి ఉండును. ఇరువది నలుగురు పిల్లలు నాలుగు పెట్టెలలో చెదరిపోవుదురు. ఎక్కలేక ఇద్దరు మిగిలినచో ఆ దినం ఉపాధ్యాయుని గుండె గతి ఏమగునో ఊహించుకొనవచ్చును.

తాంబరం సంగతి అట్లు కాదు. అక్కడ నుండి బీచ్‌కు బయలుదేరు బండ్లు అనేకం ఉన్నవి. బయలుదేరు చోట బండి కొన్ని నిమిషాలు ఖాళీగా నిలిచి ఉండును. పిల్లలందరు ఒకే పెట్టెలో తొందర లేకుండ ఎక్కి, కూర్చొని, లెక్క చెప్పించుకొనవచ్చును. సాయంకాలం తిరుగు ప్రయాణంలో బీచ్ స్టేషను కూడ అట్టిదే. అక్కడ నుండియు ఖాళీ బండి దొరకును. కనుక ఒంటరివానికి కూడలి స్టేషను మేలు. బృందానికి కొస స్టేషను మేలు. మౌంటు కన్న తాంబరం పదిహేను, ఇరువది నిమిషాలు దూరమైనను, ఆ నిమిషాలు కూర్చొని గడుపు నిమిషాలు. పిల్లలు కిటికీలో నుండి ఊరు చూచుచు పోవుదురు. అది కూడ సందర్శనమే గదా!

తాంబరానికి మరియొక సౌలభ్యం ఉన్నది. వండలూరు జంతుప్రదర్శనశాలకు పోవునపుడు బండి నగరానికి వ్యతిరేక దిశలో, చెంగల్పట్టు వైపు సాగును. ఉదయం వేళ ఆ వైపు రద్దీ తక్కువ. మద్రాసు క్రిస్టియన్ కళాశాల 1937లో నగరం నుండి తరలివచ్చినది తాంబరానికే. చెట్లతో నిండిన ఆ ఆవరణ ప్రసిద్ధమైనది. పూర్వం ఆ కళాశాల నగరంలో ఉన్న కాలంలో వేదం వేంకటరాయశాస్త్రి అక్కడ పండితుడుగా పనిచేసినాడన్నది తెలుగు ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగిన విషయం.

తక్కిన దిక్కులు

దక్షిణపు దారి ఒక్కటే గతి అనుకొనరాదు. బీచ్ నుండి సముద్రతీరం వెంబడి ఎత్తైన వంతెనల మీద పోవు మరియొక రైలు మార్గం ఉన్నది. అది 1995లో చేపాకం వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2007లో వేళచ్చేరి వరకు పెరిగినది. వేళచ్చేరిలో బస చేసినవారికి కొట్టూరుపురంలోని బిర్లా నక్షత్రశాల, అణ్ణా శతజయంతి గ్రంథాలయం, మైలాపూరు, మెరీనా తీరం ఒక్క బండి దూరంలో ఉన్నవి. సాహిత్య విద్యార్థులకు ఈ దారి మీద మక్కువ కలుగుటకు కారణం ఉన్నది. మెకంజీ సేకరణలు, బ్రౌను దొర కూర్చిన తెలుగు తాళపత్రాలు గల ప్రాచ్య లిఖిత గ్రంథాలయం కొట్టూరుపురానికే తరలివచ్చినది. అయితే ఈ మార్గంలో స్టేషన్లు ఎత్తున ఉన్నందున మెట్లు అధికం. మోకాళ్ళ నొప్పులు గల పెద్దలు వెంట ఉన్నచో ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఉత్తరాన తిరువొత్తియూరు, విమ్కో నగర్ ప్రాంతాలు ఆంధ్రదేశానికి దగ్గర. గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట వైపు పోవు బండ్లు ఆ దిక్కుననే సాగును. 2021లో మెట్రో కూడ విమ్కో నగర్ వరకు పెరిగినది. త్యాగరాజస్వామి త్రిపురసుందరి మీద పంచరత్న కృతులు పాడినది తిరువొత్తియూరు క్షేత్రంలోనే. సూళ్ళూరుపేట, నెల్లూరు ప్రాంతాల నుండి ఒకటి రెండు దినాలకు వచ్చువారికి ఈ దిక్కు పరిశీలింపదగినది. పడమట అంబత్తూరు, ఆవడి వైపు బండ్లకు కొరత లేదు. కాని అవి సెంట్రల్ ప్రక్కనున్న మూర్ మార్కెట్ సముదాయం వరకే పోవునవి అధికం గనుక, చూడవలసిన ప్రతి చోటికి అక్కడ బండి మారక తప్పదు.

పేర్లు చేయు మోసం

బస ఎన్నుకొనువారిని పేర్లు కూడ మోసగించును. బీచ్ స్టేషనులో దిగినచో సముద్రపు ఒడ్డున ఇసుకలో దిగుదుమని పిల్లలు ఆశపడుదురు. ఆ స్టేషను హార్బరుకు ఎదురుగా, జార్జిటౌను అంచున ఉన్నది. మెరీనా తీరానికి పోవలెనన్నచో తీరపు రైలు ఎక్కి చేపాకంలోనో, తిరువల్లిక్కేణిలోనో, లైట్‌హౌసు స్టేషనులోనో దిగి నడువవలెను. ‘బీచ్‌కు సమీపం’ అన్న లాడ్జి ప్రకటన ఏ బీచ్‌ను గూర్చియో అడిగి తెలిసికొనవలెను.

తాంబరం అన్న పేరు కూడ అట్టిదే. తాంబరం శానటోరియం వేరొక స్టేషను. క్షయరోగ చికిత్సాలయం వలన దానికి ఆ పేరు వచ్చినది. ఇక తాంబరాన్ని రైలు పట్టాలు తూర్పు తాంబరం, పడమటి తాంబరం అని రెండుగా చీల్చుచున్నవి. పటంలో స్టేషను ప్రక్కనే కనిపించు లాడ్జి పట్టాలకు ఆవలి వైపు ఉన్నచో, వంతెన ఎక్కి దిగవలెను. ‘ఏ స్టేషను? స్టేషనుకు ఏ వైపు? నడిచి ఎన్ని నిమిషాలు?’ అన్న మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని చోట ముందుగా సొమ్ము కట్టరాదు. నిమిషాలు కూడ యువకుడు ఒంటరిగా నడిచిన నిమిషాలు కావు. ఆరవ తరగతి పిల్లవాడు సంచి మోసికొని నడిచిన నిమిషాలు.

హోటలు అన్న మాట కూడ ఆ కోవలోనిదే. తెలుగునాట వలెనే అక్కడ కూడ ఆ మాటకు భోజనశాల అన్న అర్థం బలంగా ఉన్నది. బసకు లాడ్జి అన్న మాటయే స్పష్టం. శివారు లాడ్జీలు కొన్నింటిలో భోజన వసతి ఉండదు. ఉదయం ఆరున్నరకే తెరచు టిఫిను హోటలు దాపున ఉన్నదా అని విచారింపవలెను. పిల్లలు ఆకలితో రైలెక్కిన దినం మ్యూజియం చూచుట కల్ల.

చివరి హెచ్చరికలు

పాత సలహాను పట్టుకొని వ్రేలాడుట కూడ ప్రమాదమే. ఒకప్పుడు బస్సులో వచ్చువారు కోయంబేడు దాపున బస చూచుకొనెడివారు. ఆంధ్ర దిశకు పోవు బస్సులకై 2018లో మాధవరంలో వేరొక బస్సు స్టాండు వెలసినది. దక్షిణ జిల్లాల బస్సులకై 2023 డిసెంబరు చివర వండలూరు ఆవల కిళాంబాక్కంలో మరియొకటి తెరువబడినది. పట్టాల పనుల కొరకు తీరపు రైలు బీచ్, చింతాద్రిపేట స్టేషన్ల మధ్య 2023 ఆగస్టు నుండి 2024 అక్టోబరు వరకు నిలిచిపోయినది. ఆ కాలంలో పాత పటాన్ని నమ్మి వచ్చినవారు దారిలో దిగి తికమకపడి ఉందురు. అందుచేత బయలుదేరుటకు వారం ముందు దారులు సరిగా నడుచుచున్నవో లేవో తెలిసికొనవలెను.

వారాలు కూడ చూచుకొనవలెను. ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. వండలూరు జంతుప్రదర్శనశాలకు మంగళవారం సెలవు. ఆదివారం రైలుబండ్లు తక్కువ, రద్దీ కూడ తక్కువ. చివరి బండి వేళను లాడ్జి గోడ మీద కాదు, ఉపాధ్యాయుని జేబులోని కాగితం మీద వ్రాసి ఉంచుకొనవలెను. చివరి బండికి ముందు రెండవ బండినే చివరిదిగా భావించుట వివేకం.

ఈ విధంగా కుదిరిన బస నుండి మూడు దినాల యాత్ర హాయిగా సాగును. మొదటి దినం ఎగ్మూరు మ్యూజియం, కన్నెమరా గ్రంథాలయం, పొద్దుండగానే కోట. రెండవ దినం వండలూరు, తిరుగుదారిలో గిండీ. మూడవ దినం బీచ్‌లో బండి మారి తీరపు దారిన చేపాకం, అక్కడ విశ్వవిద్యాలయం, ప్రెసిడెన్సీ కళాశాల, మెరీనా, పిదప తిరుమయిలై.

మైలాపూరులో కపాలీశ్వరుని గోపురం చూచినవారు రాయపేట హైరోడ్డు వైపు కూడ పోవలెను. బులుసు సాంబమూర్తి నివసించిన ఇంటిలో 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రం కొరకు నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచినాడు. ఆ చోట ఇప్పుడు స్మారక భవనం ఉన్నది. నగరం చూడవచ్చిన తెలుగు బృందాలలో అక్కడికి పోవునవి తక్కువ. పట్టికలో దాని పేరు ఉండును, మూడవ దినం సాయంకాలం అగును, ఆటోలు దొరకవు, పిల్లలు డస్సిపోదురు, ఇంకొకసారి చూతమని తిరిగిపోవుదురు. ఆ ఇంకొకసారి రాదు. ఆ పిల్లలలో అధికులకు ఆ నగరం మరల చూచు అవకాశం ఎప్పుడు కలుగునో ఎవరు చెప్పగలరు?

బస స్టేషను ప్రక్కన ఉన్న దినం ఆ సాయంకాలం మిగులును. ఏబదియెనిమిది దినాలు ఆహారం లేక ఒక మనిషి పడుకొనిన చోట పిల్లలు పది నిమిషాలు మౌనంగా నిలువగలుగుదురు. ఆ తరువాత బీచ్‌కు మరలివచ్చి, ఖాళీ బండిలో కూర్చొని, దీపాలు వెలుగుచున్న స్టేషన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుచు తాంబరం చేరుదురు. పదునెనిమిదవది రాగానే దిగవలెనని వారందరికి అప్పటికే తెలిసి ఉండును.